రానన్న మనిషి వాటా ఎవరు కట్టాలి?

హైదరాబాదు నుంచి ఎనిమిది మంది స్నేహితులు డిసెంబరులో అరకు ప్రయాణం పెట్టుకున్నారనుకుందాం. విశాఖపట్నం దాకా రైలు, అక్కడి నుంచి మూడు రోజులకు మాట్లాడుకున్న టెంపో ట్రావెలర్, అరకులో రెండు రాత్రులకు నాలుగు గదులు. రైలెక్కడానికి 30 గంటల ముందు వారిలో ఒకరు వాట్సాప్ గ్రూపులో "సారీ, నాకు కుదరడం లేదు, మీరు వెళ్ళిరండి" అని పెడతారు. "మీరు వెళ్ళిరండి" అన్నది మర్యాదకు అన్న మాటే అయినా, తరువాత రాబోయే డబ్బు తగాదా అంతా అందులోనే ఉంది. ఒకరు మానుకున్నంత మాత్రాన మిగిలిన ఏడుగురు వెళ్ళిరావడానికి అయ్యే ఖర్చు ఎనిమిదో వంతు తగ్గిపోదు.

ఇటువంటప్పుడు వినిపించే వాదనలు రెండే. రానివారు "నేను ఎక్కని బండికి, పడుకోని గదికి డబ్బు ఎందుకు కట్టాలి" అంటారు. వెళ్ళేవారు "నిన్ను లెక్కలో వేసుకునే కదా ఇవన్నీ మాట్లాడింది" అంటారు. ఈ రెండింటిలోనూ కొంత న్యాయం ఉంది గానీ, రెండూ ఒకే మొత్తం గురించి మాట్లాడుతున్నవి కావు. ప్రయాణం అనుకున్నప్పుడు అందరూ ఖర్చును తలకు ఇంత అని చెప్పుకుంటారు. బిల్లులు మాత్రం తలల లెక్కన రావు. రైలు టికెట్టు మనిషికి, గది అద్దె గదికి, బండి కిరాయి బండికి, డ్రైవరు బత్తా రోజుకు పడతాయి. తలకు ఇంత అన్నది చివరి భాగహారం మాత్రమే. అందువల్ల ఒక మనిషి తప్పుకున్నప్పుడు అతని వాటా మాయమైందా, లేక ఇతరుల మీదికి జరిగిందా అన్నది ప్రతి బిల్లుకూ విడివిడిగా చూసుకోవలసిన విషయం.

ఊహించుకున్న అంకెలతోనే లెక్క వేద్దాం. బండికి మూడు రోజులకు 24,000 రూపాయలు. గది రాత్రికి 3,000 చొప్పున నాలుగు గదులకు రెండు రాత్రులకు మరో 24,000. థర్డ్ ఏసీ టికెట్టు ఒక వైపు 1,200, రానుపోను 2,400. తిండి, బొర్రా గుహల టికెట్లు ఎవరివి వారివే కాబట్టి వాటిని పక్కన పెట్టవచ్చు. తలకు బండి 3,000, గది 3,000, రైలు 2,400, మొత్తం 8,400.

మొదట రైలు సంగతి తేలిక, ఎందుకంటే అక్కడ ఎవరి టికెట్టు వారిది. 2015 నవంబరులో అమలుకు వచ్చిన రైల్వే నియమాల ప్రకారం, ఖరారైన టికెట్టును బయలుదేరే సమయానికి 48 గంటలకంటే ముందు రద్దు చేస్తే మనిషికి స్థిరమైన రుసుము కోస్తారు. అది స్లీపరుకు 120, థర్డ్ ఏసీకి 180, సెకండ్ ఏసీకి 200 రూపాయలు, ఏసీ తరగతులకు జీఎస్టీ అదనం. 48 నుంచి 12 గంటల మధ్యలో చార్జీలో 25 శాతం, 12 నుంచి 4 గంటల మధ్యలో సగం పోతాయి. ఆ తరువాత ఏమీ రాదు. ఖరారైన తత్కాల్ టికెట్టుకైతే ఎప్పుడు రద్దు చేసినా ఏమీ రాదు. రైలు రకాన్ని బట్టి, కాలాన్ని బట్టి ఈ పట్టికలు మారుతుంటాయి కాబట్టి బుక్ చేసే రోజున మరోసారి చూసుకోవడం మంచిది. మన లెక్కలో 30 గంటల ముందు చెప్పిన మనిషికి పోయే టికెట్టు మీద 300, వచ్చే టికెట్టు మీద 180, మొత్తం 480 పోయి 1,920 తిరిగివస్తాయి. ఈ 480 రానివారిదే అనడంలో ఎవరికీ పేచీ ఉండదు.

అసలు పేచీ మరోచోట ఉంది. ఒక పీఎన్ఆర్ మీద ఆరుగురి దాకా టికెట్లు తీయవచ్చు కాబట్టి, సాధారణంగా ఒకే మనిషి తన ఖాతా నుంచి అందరికీ కొంటారు. ఒక్కరి పేరు మాత్రమే తీసేసి మిగిలినవారి టికెట్లు అలాగే ఉంచుకునే వీలుంది గానీ, తిరిగివచ్చే డబ్బు మాత్రం టికెట్లు కొన్న ఖాతాకే వెళ్తుంది. అంటే రానివారి 1,920 రూపాయలు నాలుగైదు రోజుల తరువాత, అందరూ అరకులో కాఫీ తాగుతున్న సమయంలో, ప్రయాణం ఏర్పాటు చేసిన మనిషి ఖాతాలో పడతాయి. అవి రానివారికి పంపాలా, బండి బాకీ కింద మినహాయించుకోవాలా అని ముందే మాట్లాడుకుని ఉండరు. చాలా స్నేహాల్లో మాటలు తగ్గింది ఇలాంటి రెండు వేల దగ్గరే తప్ప ఇరవై వేల దగ్గర కాదు.

బండి విషయానికి వస్తే, ఏడుగురికి కూడా టెంపో ట్రావెలర్ తప్పదు. డ్రైవరు పక్క సీటు కలుపుకున్నా ఏడు సీట్ల ఇన్నోవాలో పట్టేది ఆరుగురే. అందుకని 24,000లో పైసా తగ్గదు. రానివారి 3,000 ఏడుగురి మీద పడి తలకు 429 అవుతుంది. ఖాళీ సీటు వల్ల వారికి దక్కే లాభం బ్యాగులు పెట్టుకునే చోటు మాత్రమే. తొమ్మిదో మనిషి లేని బండిని ఎనిమిది మంది మాట్లాడుకున్నప్పుడు ఎవరూ నష్టపోలేదు, ఎందుకంటే ఆ సీటు మొదటినుంచీ ఖాళీయే. ఎనిమిదో మనిషి సీటు అలాంటిది కాదు. అతను వస్తానన్న మాట మీద దాని కిరాయి లెక్కలోకి వచ్చింది. కాబట్టి ఎక్కకపోయినా ఈ వాటా అతనిదే.

గదుల దగ్గర కథ మారుతుంది, ఇక్కడే ఎప్పుడు చెప్పారన్నది ముఖ్యమవుతుంది. చెక్-ఇన్‌కు 72 గంటల ముందు దాకా గది రద్దు చేస్తే డబ్బంతా తిరిగి ఇస్తామని రిసార్టు వారు చెప్పారనుకుందాం. రానివారు ఆ గడువుకు ముందే చెప్పి ఉంటే నాలుగో గది వదులుకుని, ఒంటరిగా మిగిలిన మనిషికి మరో గదిలో రాత్రికి 800 ఇచ్చి అదనపు పరుపు వేయించవచ్చు. అప్పుడు గదుల బిల్లు మూడింటికి 18,000, పరుపుకు 1,600, మొత్తం 19,600 అవుతుంది. ఏడుగురి గది వాటాలు కలిపితే మొదటి లెక్కలోనే 21,000. అంటే ఒకరు మానుకోవడం వల్ల గదుల మీద మిగిలినవారికి నష్టం రాకపోగా 1,400 మిగిలింది. బండి మీద పోయిన 3,000లో దీన్ని మినహాయిస్తే రానివారు కట్టవలసింది 1,600, రైలు రద్దుకు రెండు వైపులా కలిపి 360, మొత్తం 1,960. అదే 30 గంటల ముందు చెప్పినందుకు గది వాటా 3,000, బండి వాటా 3,000, రైలు 480 కలిపి 6,480 అవుతోంది. ఈ రెండింటి మధ్య 4,520 రూపాయలు, ఆలోగా చెప్పకుండా నాన్చినందుకు పడిన ధర. మానుకున్నది రెండు సందర్భాల్లోనూ ఒకే మనిషి, బహుశా ఒకే కారణంతో.

ఆ మిగిలిన 1,400 సంగతి కూడా చూడాలి. కాగితం మీద అది ఏడుగురిది. కానీ డిసెంబరు చలిలో నేల మీద పరుపు వేసుకునేది ఒక్కరే, ఇరుకు పడేది ఆ గదిలోని ముగ్గురు. మిగిలిన నలుగురు తమ గదుల్లో హాయిగా పడుకుని ఆ పొదుపును పంచుకోవడం లెక్కకు సరిపోతుందేమో గానీ మనసుకు సరిపోదు. రానివారి బాకీలో అంతా మినహాయించకుండా అందులో కొంత పరుపు మీద పడుకున్న మనిషి వాటా నుంచి తగ్గించడమే ఉచితంగా తోస్తుంది.

గడువు దాటాక చెప్పినప్పుడు, రానివారు ఏమీ కట్టకపోతే, మరో అన్యాయం జరుగుతుంది. బండి మీద పడ్డ భారం ఏడుగురికీ సమానంగా వెళ్తుంది. గది మీద పడ్డ భారం మాత్రం, ఎవరూ పట్టించుకోకపోతే, రానివారితో గది పంచుకోవలసిన ఒక్కరి మీద పడుతుంది. "గది నీదే కదా" అని మిగిలినవారు అంటారు. ఆ మనిషి 3,000 బదులు 6,000 కట్టాలి. టూరు నడిపే సంస్థలు తమ ధరలను ఇద్దరికి ఒక గది లెక్కన, ట్విన్ షేరింగ్ అని చెప్పి, ఒంటరిగా గది తీసుకునేవారి దగ్గర సింగిల్ సప్లిమెంట్ అనే అదనపు రుసుము వసూలు చేసే పద్ధతి దీనికి మాతృక. కోరి ఒంటరి గది తీసుకున్న ప్రయాణికుడి దగ్గర అది వసూలు చేయడం సబబే. తోడు తప్పుకున్నందువల్ల ఒంటరిగా మిగిలిన మనిషి ఆ గదిని కోరుకోలేదు. ఎవరు ఎవరితో గది పంచుకోవాలన్నది చాలాసార్లు చీటీలు వేసినంత యాదృచ్ఛికంగా జరిగే ఏర్పాటు. అందుచేత రానివారు కట్టకపోతే ఆ గది భారాన్ని కూడా ఏడుగురూ పంచుకోవాలి. అప్పుడు మొత్తం 6,000 భారం తలకు 857 అవుతుంది. ఇదీ అన్యాయమే గానీ, ఒకరి నెత్తిన 3,429 వేయడంకంటే చిన్న అన్యాయం.

ఇక కారణం సంగతి. మానుకున్నవారు మొదట చెప్పేది కారణమే, విన్నవారు మొదట తూచేదీ కారణాన్నే. ఆఫీసులో సెలవు ఇవ్వలేదంటే ఒకలా, తల్లిని ఆసుపత్రిలో చేర్చారంటే మరోలా, "మనసు బాగోలేదు" అంటే ఇంకోలా చూస్తారు. తీర్థయాత్రల్లో మనకు మరో కారణం తరచుగా వస్తుంది. దాయాదుల ఇంట్లో ఎవరో పోతే పది రోజుల మైల, పుడితే పురుడు. మైల ఉన్నవారు గుడికి రారు, వారిని రమ్మని ఎవరూ అడగరు, అందులో ఎవరి తప్పూ లేదు. అయినా తిరుమల 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు రద్దు కాదు, వాయిదా పడదు, మరొకరి పేరు మీదికి మారదు. దేవస్థానం కారణం అడగదు. రిసార్టు యజమానీ, బండి యజమానీ అంతే. కారణం ఎంత న్యాయమైనదైనా బయటి బిల్లును అది రూపాయి కూడా తగ్గించదు, ఆ బిల్లు ఎవరి మీద పడాలో మాత్రమే ప్రశ్నగా మిగులుస్తుంది.

కాబట్టి డబ్బు లెక్కను నిర్ణయించవలసింది ఎప్పుడు చెప్పారన్నదే, కోపమో జాలో నిర్ణయించవలసింది కారణం. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే "అమ్మ ఆసుపత్రిలో ఉంటే డబ్బులడుగుతారా" అన్న మాట వస్తుంది. అడగకపోవచ్చు, చాలాసార్లు అడగకూడదు కూడా. అయితే అప్పుడు జరిగేది మాఫీ. మాఫీ చేసే హక్కు భారం మోసేవారందరిదీ. ఆచరణలో జరిగేది వేరు. ఏర్పాటు చేసిన మనిషి మొహమాటానికి "పరవాలేదులే, చూసుకుందాం" అని ఏడుగురి తరఫునా ఫోనులో మాఫీ చేసేస్తారు, తరువాత ఆరుగురిని తలకు మరో 857 అడగలేక తమ జేబులోంచే వేసుకుంటారు. దయ చూపాలనుకుంటే ఏడుగురూ కలిసి చూపాలి.

చట్టం ఏమంటుందని అడిగేవారూ ఉంటారు. 6,000 రూపాయల కోసం స్నేహితుడి మీద దావా వేసేవారు అరుదు గనుక ఇది వాదనకు పనికివచ్చే కొలబద్ద మాత్రమే. అయినా 1872 నాటి భారత ఒప్పంద చట్టంలోని 43వ సెక్షను చదివితే ఎవరో విహారయాత్ర నుంచి తిరిగివచ్చి రాసినట్టు ఉంటుంది. కొందరు కలిసి ఒక సొమ్ము చెల్లిస్తామని మాట ఇస్తే, ఇవ్వవలసిన మనిషి వారిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. కట్టినవారు మిగిలినవారి నుంచి సమాన వాటాలు రాబట్టుకోవచ్చు. ఒకరు తన వాటా ఇవ్వలేకపోతే ఆ నష్టాన్ని మిగిలినవారు సమానంగా భరించాలి. చట్టం ఇచ్చిన ఉదాహరణలోనే ముగ్గురు కలిసి 3,000 బాకీ పడ్డారు, ఒకరి దగ్గర ఏమీ లేదు, మరొకరు మొత్తం కట్టారు. కట్టిన మనిషికి మూడో మనిషి ఇవ్వవలసింది 1,000 కాదు, 1,500. ఒంటరిగా మిగిలిన గది భారం అందరిదీ అనడానికి ఇంతకంటే సూటి పోలిక దొరకదు. అదే చట్టంలో 73వ సెక్షను మాట తప్పినందువల్ల సహజంగా కలిగే నష్టానికే పరిహారం అంటుంది, ఆ నష్టాన్ని తగ్గించుకునే మార్గం ఉందా అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది. గది రద్దు చేసుకునే గడువు ఇంకా ఉండగా బద్ధకించి రద్దు చేయని ఏడుగురు ఆ 3,000ను రానివారి దగ్గర అడగలేరు.

అయితే స్నేహితుల మధ్య మాట అసలు ఒప్పందమేనా? మన న్యాయ విద్యార్థులు కూడా చదివే రెండు ఇంగ్లండు తీర్పులు దీనికి చెరో వైపు నిలబడతాయి. 1919 నాటి బాల్ఫోర్ కేసులో భర్త భార్యకు నెలకు 30 పౌండ్లు పంపుతానన్న మాటను కోర్టు ఒప్పందంగా చూడలేదు. 1955 నాటి సింప్‌కిన్స్ కేసులో ఒక అవ్వ, ఆమె మనవరాలు, వారింట్లో డబ్బిచ్చి ఉండే ఒకామె కలిసి పత్రికా పోటీకి ప్రతివారం ఎంట్రీలు పంపుతూ 750 పౌండ్లు గెలిస్తే, ఎంట్రీ అవ్వ పేరున ఉన్నా ఆ మూడో ఆమెకు మూడో వంతు దక్కాలని కోర్టు చెప్పింది. మాటలు మాటలుగా ఉన్నంతసేపు ఇంటి వ్యవహారం, అందరూ కలిసి డబ్బు పెట్టడం మొదలయ్యాక లెక్క వ్యవహారం అని వీటిని మన భాషలో చెప్పుకోవచ్చు.

ఆ గీతను ప్రయాణాల్లో ఎక్కడ గీయాలి? "వెళ్దామా" అని అడిగితే వాట్సాప్‌లో బొటనవేలు ఎత్తిన గుర్తు పెట్టడం మాట ఇవ్వడం కాదు. అలా గుర్తులు పెట్టేవారిలో సగం మంది నలుగురితో నారాయణా అన్నవారే. తేదీ, తలకు ఇంత అన్న అంకె చూసి "నన్నూ వేసుకోండి, టికెట్లు తీసేయండి" అనడం మాట ఇవ్వడమే. అప్పటికి ఆ మనిషి రూపాయి పంపకపోయినా సరే. అడ్వాన్సు ఇస్తేనే బాధ్యత అన్న నమ్మకం చాలామందిలో ఉంది, ఇస్తే ఆ అడ్వాన్సు వదులుకోవడంతో బాధ్యత తీరిపోతుందన్న నమ్మకం అంతకంటే ఎక్కువమందిలో ఉంది. ఈ రెండూ నిలబడవు. 2,000 అడ్వాన్సు ఇచ్చిన మనిషి వల్ల 6,000 నష్టం వస్తే మిగిలిన 4,000 ఎక్కడికీ పోదు. టికెట్లు, గదులు బుక్ కాకముందే తప్పుకున్న మనిషి మాత్రం ఏమీ బాకీ లేరు, వారు లేకపోవడం వల్ల తలకు ఇంత అన్న అంకె పెరిగినా సరే. పెరిగిన అంకెకు వెళ్ళాలో మానాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ మిగిలినవారికి అప్పటికి ఇంకా ఉంది.

మానుకున్న మనిషి తన బదులు మరొకరిని వెతికిపెడితే బాకీ తీరుతుందా అంటే, చాలావరకు తీరుతుంది. కొత్త మనిషి ఏడుగురికీ ఇష్టమైనవారు కావాలి, ముఖ్యంగా గది పంచుకునేవారికి. రైలు టికెట్టు మాత్రం చేతులు మారదు. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, పిల్లలు అయితేనే, అదీ బయలుదేరడానికి 24 గంటల ముందు రిజర్వేషను కౌంటరులో అడిగితేనే, పేరు మారుస్తారు. స్నేహితుడి టికెట్టు మీద స్నేహితుడు వెళ్ళలేడు. కొత్తగా వచ్చినవారు తత్కాల్‌లో ఎక్కువ పెట్టి కొనవలసివస్తే ఆ తేడా కూడా రానివారిదే అనడం న్యాయం. విమానం టికెట్టు బంధువుల పేరు మీదికైనా మారదు. కాకపోతే అక్కడ చాలామంది అడగకుండా వదిలేసే డబ్బు ఒకటి ఉంది. చార్జీ తిరిగిరాని టికెట్టయినా, అసలు విమానం ఎక్కకపోయినా, అందులో కలిపి వసూలు చేసిన ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు తిరిగి ఇవ్వాలన్నది పౌర విమానయాన నియంత్రణ సంస్థ నియమం.

బీమా ఉంది కదా అనుకునేవారు టికెట్టుతో పాటు కొన్ని పైసలకు తీసుకునే రైల్వే బీమాను గుర్తుంచుకుని అంటారు. అది ప్రమాదంలో ప్రాణానికో శరీరానికో హాని కలిగితే వర్తించేది, ప్రయాణం మానుకుంటే కాదు.

ఇద్దరే వెళ్ళే ప్రయాణాల్లో ఈ లెక్కలు సరిపోవు. ఇద్దరు మహిళలు కాశీ, ప్రయాగ వెళ్ళాలని గదులు, కార్లు మాట్లాడుకున్నాక ఒకరు మానుకుంటే, రెండోవారి ముందు ఉన్న దారులు రెండు: రెట్టింపు ఖర్చుతో ఒంటరిగా వెళ్ళడం, లేదా తాము కూడా మానుకోవడం. ఒంటరిగా వెళ్తే ఏర్పడే తేడాకు మొదటివారు బాధ్యులని పై లెక్క ప్రకారం చెప్పవచ్చు. మానుకుంటే "నేను వెళ్ళమనే అన్నాను కదా, మానుకున్నది నువ్వే" అన్న జవాబు వస్తుంది. ఏడుగురిలో ఒకరితో అంటే ఆ జవాబు చెల్లుతుంది. ముక్కూముఖం తెలియని ఊళ్ళో రాత్రిపూట రైలు దిగి ఒంటరిగా బసకు చేరుకోవలసిన మనిషితో అంటే చెల్లదు. అక్కడ ప్రయాణానికి ఆధారమే తోడు, రెండో రద్దు మొదటి రద్దుకు కొనసాగింపే. రెండు టికెట్ల మీద కోసిన రుసుములూ, రెండు వైపులా పోయిన అడ్వాన్సులూ ముందు తప్పుకున్నవారి పద్దులోనే పడాలి, రెండోవారు కావాలని మాఫీ చేస్తే తప్ప.